ఐదు సున్నాలా కనిపించే ఊళ్ళో లాంతరు బేరం

సోమవారం, ఫిబ్రవరి 24, 2025

కైరోలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. మా తమ్ముడు ఇక్కడ మందుల కంపెనీలో మూడేళ్ళుగా పనిచేస్తున్నాడు, కాపురం మాదీ అనే పేటలో. కారెక్కగానే "అక్కా, పిరమిడ్లు రేపా, ఎల్లుండా?" అన్నాడు. ముందు లాంతర్లు అన్నాను. వాడు నవ్వాడు గానీ తప్పు వాడిదే. కిందటేడు రంజాన్‌కి ముందు ఒక వీడియో పంపాడు. సన్నటి వీధి, రెండు పక్కలా నేల నుంచి పైదాకా రంగు గాజుల లాంతర్లు, మధ్యలో గ్యాస్ సిలిండర్ల సైకిల్ మీద ఒకాయన తాపీగా పోతున్నాడు. అది చూశాక సెలవులు దాచుకున్నాను. నెలవంక కనిపిస్తే రంజాన్ శనివారం మొదలు. కాబట్టి నాకు కావాల్సింది సరిగ్గా దానికి ముందున్న ఈ వారమే.

సాయంత్రం తలుపు కొట్టారు. చూస్తే నలుగురు పిల్లలు, ఒకడి చేతిలో ప్లాస్టిక్ డబ్బా. వీధికి అడ్డంగా ఈ బాల్కనీ నుంచి ఆ బాల్కనీకి రంగు కాగితాల తోరణాలు కట్టాలి, మధ్యలో పెద్ద లాంతరు వేలాడదీయాలి, అందుకు డబ్బులట. అచ్చం మన వినాయక చవితి చందా! ఇరవై పౌండ్లు వేశాను. ఒక ఈజిప్టు పౌండు అప్పుడు మన రూపాయి డెబ్భై పైసలు. డబ్బా పట్టుకున్నవాడు నోటు వైపు చూసి, నా వైపు చూసి, ఏమీ అనకుండా నిలబడ్డాడు. ఆ చూపు కూడా నాకు తెలిసిందే. ఇంకో ముప్పై వేశాను.

మంగళవారం, ఫిబ్రవరి 25

మాదీ నుంచి మెట్రోలో సాదాత్, అక్కడ రైలు మారి మొహమ్మద్ నగీబ్, అక్కడి నుంచి నడక. మెట్రోలో నడిమి పెట్టెలు ఆడవాళ్ళవి. తమ్ముణ్ణి వేరే పెట్టెకు తోలి నేను అందులో కూర్చున్నాను. పక్కావిడ సంచిలోంచి లాంతరు మూతి ఒకటి పైకి చూస్తోంది. దారి తప్పలేదని ధైర్యం వచ్చింది.

ఇస్లామిక్ కళల మ్యూజియం దాటితే మనం వెతికే వీధి వస్తుంది. కాగితాల మీద దాని పేరు అహ్మద్ మాహెర్ వీధి. ఆ పేరు చెబితే టాక్సీవాళ్ళు బుర్ర గోక్కుంటారు. జనం నోట్లో అది 'తహ్త్ ఎల్ రబ్'. రబ్ అంటే పాతకాలపు వాటాల ఇళ్ళు, వాటి కింద వీధి అని అర్థం. మామూలు రోజుల్లో ఇక్కడ రేకు పనివాళ్ళు, పొగగొట్టాలు చేసేవాళ్ళు, బార్బెక్యూ పొయ్యిలు అమ్మేవాళ్ళు ఉంటారు. రంజాన్ వస్తోందంటే ఈ వీధి మొత్తం లాంతరే.

లాంతర్ని ఇక్కడ 'ఫానూస్' అంటారు. ఈ మాట గ్రీకు నుంచి అరబ్బీలోకి వచ్చి, అక్కడి నుంచి ఉర్దూలో చేరి మన పాతబస్తీ దాకా నడిచింది. ఒక్కో ఆకారానికి ఒక్కో పేరు. ఖర్బూజాలా గుండ్రంగా ఉంటే 'షమ్మామా'. ఫరూక్ రాజు పేరు మీద 'ఫానూస్ ఫరూక్'. రాజుకి గద్దె పోయి డెబ్భై ఏళ్ళు దాటింది, లాంతరు మాత్రం పదవిలోనే ఉంది. 'పార్లమెంటు' అని ఇంకోటి, పార్లమెంటు హాల్లో వేలాడే దీపాన్ని చూసి చేశారట. పెద్ద లాంతరుకి నాలుగు మూలలా నాలుగు బుల్లి లాంతర్లు అతికించి ఉంటే దాని పేరు 'అబూ వెలాద్', అంటే పిల్లల తండ్రి. నాకైతే అది తల్లికోడిలా కనిపించింది.

ఒక దుకాణం ముందు నడుమెత్తు షమ్మామా నచ్చేసింది. ఎరుపు, పచ్చ, నీలం గాజులు, పైన కిరీటం. ధర చీటీ చూస్తే మొదట ఇంగ్లీషు ఏడు లాంటి గీత, తర్వాత సున్నా, చివర ఒక చుక్క. డెబ్భై పౌండ్లు! నూట ఇరవై రూపాయలకి ఇంత లాంతరా అని గుండె ఆగినంత పనైంది. నిబ్బరంగా రెండు చూపించి, రెండూ కట్టమన్నాను. వంద, యాభై నోట్లు తీసి చేతిలో పెడితే అమ్మేవాడు వాటిని చూసి, తమ్ముణ్ణి చూసి, తల గోక్కున్నాడు. తమ్ముడు చీటీ చూసి పగలబడి నవ్వాడు. ఏడులా ఉన్నది ఆరు. సున్నాలా ఉన్నది ఐదు. చుక్కే సున్నా. అది ఆరు వందల యాభై. మనం చిన్నప్పుడు పలకమీద దిద్దిన సున్నా ఇక్కడ ఐదంటే ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అమ్మేవాడు కోపగించుకోలేదు. "హిందీ?" అన్నాడు, అంటే ఇండియావాళ్ళా అని. అవునన్నాను. "అమితాబ్ బచ్చన్!" అంటూ చేయి గుండె మీద పెట్టుకున్నాడు. ఈ వారంలో ఆ పేరు ఎన్నిసార్లు విన్నానో లెక్క పెట్టడం మానేశాను. అందులో ఒక మెలిక ఉందని తమ్ముడు తర్వాత చెప్పాడు. ఇక్కడ బేరం మరీ మించిపోతే "నన్ను హిందీవాణ్ణి అనుకున్నావా?" అంటారట, అంటే అమాయకుడిలా కనిపిస్తున్నానా అని. ఆ సామెతకి ఆ పూట నేనే సాక్ష్యం.

ఏమీ కొనకుండానే ముందుకు కదిలాం. వీధి చివర బాబ్ జువైలా, 1092లో కట్టిన కోట ద్వారం. దాని బురుజుల మీద ఉన్న జంట మినార్లు మాత్రం పక్కనున్న మసీదువి, మూడు వందల ఏళ్ళు చిన్నవి. చివరి మమ్లూక్ సుల్తాన్ తూమాన్ బేని 1517లో ఒట్టోమన్లు ఈ గుమ్మానికే ఉరి తీశారు. ఇప్పుడు ఆ గుమ్మం కింద ఒకావిడ నిమ్మకాయలు అమ్ముతోంది.

ద్వారానికి ఎదురుగానే ఖయామియా, గుడారాలవాళ్ళ బజారు. పైన చెక్క కప్పు, ఇరువైపులా అరుగుల్లాంటి చిన్న కొట్లు, లోపల మగవాళ్ళు బాసింపట్టు వేసుకుని గుడ్డ మీద గుడ్డ ముక్కలు కుడుతున్నారు. అసలు చేతికుట్టు పని కొనేవాళ్ళు తక్కువ. దాని డిజైన్‌ని మిల్లులో అచ్చేసిన ఎర్ర, నీలం గుడ్డే రంజాన్‌కి ఊరంతా పరుచుకుంటుంది. బల్లల మీద, తలుపుల మీద, టీకొట్ల చుట్టూ, ఆఖరికి ఒక ఆటో సీటు మీద కూడా చూశాను.

బుధవారం, ఫిబ్రవరి 26

శివరాత్రి. ఇంట్లో అమ్మ ఫోన్ చేసి అన్నీ గుర్తు చేసింది. ఉపవాసం ఉండి, పాలూ పళ్ళూ తీసుకుని బయల్దేరాను. తమ్ముడి ఆఫీసు డ్రైవర్ మేనమామకి దర్బ్ అల్ అహ్మర్‌లో లాంతర్ల కార్ఖానా ఉంది, ఈ రోజు రమ్మన్నాడు.

కార్ఖానా అంటే పెద్దగా ఊహించుకోవద్దు. సందులో సందు, అందులో మెట్లు దిగే ఒక గది. నేలంతా రేకు ముక్కలు, చెప్పులు వేసుకునే లోపలికి రమ్మన్నారు. పెద్దాయనకి అరవై దాటి ఉంటాయి. అందరూ 'ఉస్తా' అని పిలుస్తున్నారు. మన ఉస్తాదే, చివర దకారం అరిగిపోయింది. ఇద్దరు మేనల్లుళ్ళు పనిలో ఉన్నారు.

కూర్చోగానే టీ వచ్చింది. వద్దంటే ఇక్కడ చాలా తప్పు. నేను తటపటాయిస్తుంటే తమ్ముడు "అక్క ఈ రోజు ఉపవాసం" అని చెప్పాడు. ఉస్తా చేతిలో సుత్తి ఆగింది. "ఇంకా మూడు రోజులుందిగా?" అన్నాడు. శివరాత్రి గురించి తమ్ముడికి వచ్చిన అరబ్బీలో వివరించాడు. ఏం చెప్పాడో గానీ, నీళ్ళు తాగొచ్చా అని ఆయన అడిగాడు. తాగొచ్చు. పాలు? తాగొచ్చు. పళ్ళు? తినొచ్చు. "అయితే అది ఉపవాసం కాదు, డైటింగ్" అన్నాడు. మేనల్లుళ్ళు పడీపడీ నవ్వారు. నాకు ఉక్రోషం వచ్చి, రాత్రంతా నిద్రపోకూడదు కూడా అని చెప్పించాను. అప్పుడు కొంచెం మర్యాదగా తలూపాడు. ఎదురు కొట్టు కాప్టిక్ క్రైస్తవులదట. వాళ్ళకి ఈస్టర్ ముందు పెద్ద ఉపవాసాలు మొన్న సోమవారమే మొదలయ్యాయి, యాభై ఐదు రోజులు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. "ఈ సందులో ఈ వారం తిండి తినేది పిల్లులొక్కటే" అన్నాడు ఉస్తా.

పని చూస్తూ రెండు గంటలు కూర్చున్నాను. పల్చటి రేకుని చేతి కత్తెరతో పట్టీలుగా కత్తిరిస్తారు. పువ్వులూ చంద్రవంకలూ రావాలంటే ఇనుప అచ్చు మీద పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ. పట్టీ అంచుని సన్నగా లోపలికి మడుస్తారు, గాజు కూర్చునే గాడి అదే. గాజుకి జిగురు లేదు, మేకు లేదు, ఆ మడతే పట్టుకుని ఉంటుంది. తర్వాత మూలమూలకీ మాటు వేయడం. కాల్చిన కడ్డీని ఒక తెల్లటి గడ్డ మీద రుద్దగానే పొగ లేచింది. ఆ వాసన! చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో చింతచెట్టు కింద కళాయివాడు గిన్నెలకి కళాయి పోసేటప్పుడు వచ్చే నవాసారం వాసనే. ముప్పై ఏళ్ళ తర్వాత కైరో నేలమాళిగలో నా ముక్కుకి తగిలింది. తమ్ముడికి గుర్తు లేదు, వాడప్పటికి పుట్టలేదు.

పూర్వం కొత్త రేకు కొనేవాళ్ళు కాదట, ఖాళీ నెయ్యి డబ్బాలు విప్పి చేసేవాళ్ళట. పాత లాంతర్ని లోపలి వైపు చూస్తే కంపెనీ పేరు కనిపించేదని ఉస్తా చెప్పాడు. గాజు పలకల్ని కొలతకి కోసి, రంగు పూసి, ఆరబెడతారు. పైనున్న కిరీటం కేవలం సోకు కాదు. అందులో కంతలుంటాయి. కొవ్వొత్తి వేడి వాటిగుండా పైకి పోకపోతే గాజు చిట్లుతుంది. ఇప్పుడు చాలావరకు బల్బు పెట్టేవే అడుగుతున్నారు కాబట్టి కంతలు లేకుండా అచ్చుబొమ్మ కిరీటం పెట్టి అమ్మేవాళ్ళూ ఉన్నారట. ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆయన మొహం, పెసరట్టులో మైదా కలిపారని చెప్పే మా నాన్న మొహంలా ఉంది.

చైనా బొమ్మ లాంతర్ల మాట ఎత్తాను. ప్లాస్టిక్‌వి, బ్యాటరీతో పాటలు పాడేవి. అవి వచ్చాక ఈ వీధి సగం చచ్చిపోయిందని తమ్ముడు చదివాడట. 2015లో ఈజిప్టు ప్రభుత్వం ఇలాంటి జానపద వస్తువుల దిగుమతి ఆపేసింది. అది సాయం చేసిందా అంటే ఉస్తా చెయ్యి అటూ ఇటూ తిప్పాడు. ప్లాస్టిక్‌వి ఇప్పుడు ఇక్కడే తయారవుతున్నాయి. అసలు దెబ్బ రేకు ధర అన్నాడు. నిరుడు మార్చిలో ఒక్క రోజులో పౌండు విలువ పడిపోయి, డాలరుకి ముప్పై ఒకటి ఉన్నది యాభై దాకా పోయింది. "జనం లాంతరు మానలేదు మదామ్. చిన్నది కొంటున్నారు." గోడకి వేలాడుతున్నవి చూస్తే నిజమే, అన్నీ జానెడువే.

నాకు కొవ్వొత్తిదే కావాలన్నాను. ఆయన లేచి, మూలనుంచి మూరెడు ఎత్తు లాంతరు తీసి, అడుగున కొవ్వొత్తి గిన్నె లేదని చూసి, అక్కడికక్కడే రేకు చుట్టి మాటు వేశాడు. ఐదు వందలు. నేను డబ్బులు తీస్తుంటే తమ్ముడు అలవాటు కొద్దీ "నాలుగు వందలు" అన్నాడు. వాడి కాలు తొక్కాను. కళ్ళ ముందు వేళ్ళు కాల్చుకుంటూ చేసిన మనిషితోనా బేరం? బయటికొచ్చాక వాడు, "నువ్విలా చేస్తే ఉస్తాకే నామోషీ అక్కా, బేరమాడకపోతే వస్తువు నచ్చలేదనుకుంటారు" అన్నాడు. ఏమో, నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆ రాత్రి జాగారం పదకొండున్నర వరకే సాగింది. ఉస్తాకి చెప్పలేదు లెండి.

గురువారం, ఫిబ్రవరి 27

పొద్దున ఖాన్ ఎల్ ఖలీలీ. అందరూ వెళ్ళమంటారు, వెళ్ళాను. అక్కడివి చిల్లులు పొడిచిన ఇత్తడి దీపాలు, అందంగానే ఉంటాయి గానీ అవి టూరిస్టుల ఇళ్ళలో వేలాడడానికి. కైరో పిల్లల చేతిలో ఉండేది ఇది కాదు. గంటలో తిరిగొచ్చేశాం.

దగ్గర్లోనే ముయిజ్ వీధి. లాంతరు కథ ఈ పేరుతోనే మొదలవుతుంది. ఫాతిమిద్ వంశపు ఖలీఫా అల్ ముయిజ్ సేనలు 969లో కైరోని కట్టాయి. ఆయన ట్యునీషియా వైపునుంచి 973లో రంజాన్ నెలలో రాత్రివేళ ఊళ్ళోకి వస్తుంటే జనం దీపాలు పట్టుకుని ఎదురెళ్ళారని, అప్పటినుంచే ఈ ఆచారమని చెబుతారు. ఇంకో కథ ప్రకారం ఖలీఫా అల్ హాకిం కాలంలో ఆడవాళ్ళు రాత్రి బయటికి వెళ్ళాలంటే ముందు ఒక కుర్రాడు లాంతరు పట్టుకుని నడవాలి. రెండింటికీ గట్టి ఆధారాలు వెతక్కూడదు, మన స్థలపురాణాల్లాగే. నాకు రెండోదే నిజమనిపిస్తుంది, ఎందుకంటే అందులో ఖలీఫా గొప్పగా కనిపించడు.

మధ్యాహ్నం కిరాణా. 'యమీష్' అంటే రంజాన్ సామాను మొత్తానికి ఒకే మాట: ఎండు ద్రాక్ష, అంజీర్, బాదం, ఎండు ఆప్రికాట్, కొబ్బరి. ఆప్రికాట్ గుజ్జుని మామిడి తాండ్రలా పల్చటి షీట్లుగా ఎండబెట్టి పసుపుపచ్చ కాగితంలో చుట్టి అమ్ముతారు, పేరు 'ఖమర్ అల్ దీన్'. రాత్రి నీళ్ళలో నానబెట్టి తాగుతారు. ఆత్రేయపురం తాండ్ర తిని పెరిగినదాన్ని, నీళ్ళలో ఎందుకు వేయడం, నేరుగా నమిలేశాను. ఖర్జూరాల గంపల మీద అట్ట ముక్కలు గుచ్చి పేర్లు రాస్తారు. మంచి రకానికి ఆ ఏడాది జనం మెచ్చిన మనిషి పేరు, నాసిరకానికి తిట్టుకునే నాయకుడి పేరు పెట్టడం ఇక్కడి సరదా. నేను మధ్యరకం కొన్నాను, దానికి ఏ పేరూ లేదు. కిలోన్నర.

ధర అడగగానే ఆ మాట వినబడింది, 'దుక్కాన్'. పక్క దుక్కాన్‌లో ఇంకా చవక అంటున్నాడు ఒకడు. కూర్చోమని చూపించింది 'కుర్సీ'. దుకాణం, కుర్చీ, తారీఖు: ఇవి మనవే అనుకుని ఇన్నాళ్ళూ వాడాను. పుట్టిల్లు ఇది.

శుక్రవారం, ఫిబ్రవరి 28

సాయంత్రం సయ్యిదా జైనబ్ మసీదు చుట్టూ తిరిగాం. ఇంత జనాన్ని చార్మినార్ దగ్గర పండగ ముందు రాత్రి తప్ప చూడలేదు. ఫుట్‌పాత్ మీద గుడారాలు, వాటినిండా లాంతర్లు. ఒక పక్క కునాఫా మిఠాయివాడు గుండ్రటి వేడి పెనం మీద చిల్లుల గరాటుతో సన్నటి పిండి దారాలు పోస్తున్నాడు, జిలేబీ చుట్టేవాడి చెయ్యిలాగే అరక్షణం ఆగకుండా. ఒక నాన్న ఇద్దరు పిల్లల్ని తీసుకొచ్చి ఒకటే లాంతరు కొన్నాడు. చిన్నది గొడవ చేసింది. పెద్దవాడు నడవాలి, చిన్నది పట్టుకోవాలి, ఇంట్లో మార్చుకోవాలి అని ఒప్పందం కుదిర్చాడు. ఆ ఒప్పందం వీధి మలుపు దాకా కూడా నిలవలేదు.

ఆరు కాకముందే సూర్యుడు దిగాడు. కాసేపటికి టీకొట్లో టీవీ చుట్టూ గుంపు. నెలవంక కనిపించింది, రేపే మొదలు అని ప్రకటన. ఒక్కసారిగా అందరూ ఒకరికొకరు "కొల్ సనా వెంతా తయ్యిబ్" చెప్పుకోవడం మొదలెట్టారు. ఏడాదంతా బాగుండు అని. టీకొట్టు అబ్బాయి నాకూ చెప్పాడు. విజయవాడలో మా పక్కింటి షేక్ గారమ్మాయికి ఫోన్ చేస్తే, "మాకు నెలవంక కనిపించలేదు ఆంటీ, ఆదివారం నుంచి" అంది.

శనివారం, మార్చి 1

పగలంతా ఊరు నిద్రమత్తులో ఉంది. నాలుగున్నరకి ఒక్కసారిగా హారన్లు, అందరికీ ఇల్లు చేరాలనే తొందర. ఐదున్నరకి మాదీలో మా వీధిలోకి వచ్చి నిలబడ్డాను. సిగ్నల్ దగ్గర కుర్రాళ్ళు ఆగిన కార్ల కిటికీల్లోంచి ఖర్జూరాలు, జ్యూస్ ప్యాకెట్లు లోపలికి అందిస్తున్నారు. సూర్యుడు దిగేసరికి రోడ్డు మీద ఒక్క బండి లేదు. ఇంత పెద్ద ఊరిలో చెంచాల చప్పుడు వినిపించింది. నిజంగా, పై అంతస్తుల కిటికీల్లోంచి.

మూలమీద దానంగా పెట్టే ఇఫ్తార్ బల్లలున్నాయి, ఖయామియా గుడ్డ పరిచి. ఎవరైనా కూర్చోవచ్చు. మొన్న చందాకి వచ్చిన డబ్బా కుర్రాడు అక్కడ నీళ్ళ సీసాలు సర్దుతున్నాడు. నన్ను గుర్తుపట్టి పైకి చూపించాడు. తోరణాలు కట్టేశారు, మధ్యలో లాంతరు వెలుగుతోంది. నా యాభై పౌండ్లు ఆ బల్బులోనో దారంలోనో ఉన్నాయన్నమాట.

ఆదివారం, మార్చి 2, ఆ తర్వాత

ఉస్తా లాంతర్ని రెండు చీరల్లో చుట్టి చేతిసంచీలో పెట్టుకున్నాను. ఎయిర్‌పోర్టు ఎక్స్‌రేలో ఏదో ఇనుప గోపురంలా కనిపించి ఉంటుంది, తీసి చూపించమన్నారు. చీర మడత విప్పగానే సెక్యూరిటీ అమ్మాయి "ఫానూస్!" అని, తనే మళ్ళీ జాగ్రత్తగా చుట్టింది. నేను చుట్టినదానికన్నా బాగా.

ఇంతా చేసి, విజయవాడలో ఇంటి గడప దగ్గర సంచి నేలమీద పెట్టేటప్పుడు చప్పుడైంది. ఒక పచ్చ గాజు రెండు ముక్కలు. వేరే ఎవరినీ అనడానికి లేదు, చెయ్యి నాదే. మా వీధిలో ఫోటో ఫ్రేముల షాపాయన రేకు మడత చూసి ముచ్చటపడ్డాడు గానీ, అతని దగ్గర రంగు గాజు లేదు. మామూలుదే కోసి, ఆ మడతలోకి జారవిడిచి, గోటితో నొక్కాడు. ఇప్పుడు మూడు వైపులా రంగులు, ఒక వైపు తెల్లటి వెలుతురు.

ఆ రాత్రి కొవ్వొత్తి పెట్టి బాల్కనీలో వేలాడదీశాను. కింద వాకింగ్ నుంచి వస్తున్న రెండో అంతస్తు పిన్నిగారు ఆగి, తలెత్తి చూసి, "ఏమ్మా, కార్తీకం ఎప్పుడో అయిపోయిందిగా, ఇప్పుడు ఆకాశదీపమేంటి?" అని అడిగారు. అక్కడినుంచి అరిచి చెప్పే సంగతి కాదని పైకి రమ్మన్నాను. ఖర్జూరాలు ఇంకా కిలో పైన ఉన్నాయి.